ఫొటో అని చెప్పిన కరెంటు

మా ఇంట్లో ఫ్రిజ్ పక్క గోడకు ఒక షీల్డు వేలాడుతూ ఉంటుంది. నేను రిటైరైన రోజు హాస్పిటల్ వాళ్ళు ఇచ్చింది. ముప్పై రెండేళ్ళపాటు ఒక్క పొరపాటు కూడా లేకుండా రోగులకు రేడియేషన్ అందించిన సీనియర్ టెక్నీషియన్ గారికి అని దాని మీద బంగారు రంగు అక్షరాలు ఉంటాయి. మా ఆయన వారానికోసారి దాన్ని గుడ్డతో తుడుస్తాడు. తుడిచిన ప్రతిసారీ ఆ వాక్యం పైకి చదివి నా వైపు చూసి నవ్వుతాడు. ఆయనకు అసలు సంగతి తెలుసు. ఆ వాక్యం వద్దని నేను ముందే మొత్తుకున్నాను. అప్పటికే అచ్చయిపోయిందన్నారు.

రేడియేషన్ గదుల్లో కొత్తగా చేరే పిల్లలు ఇప్పటికీ అప్పుడప్పుడు ఫోన్ చేసి, మీ అనుభవం నుంచి ఏదైనా చెప్పండి మేడమ్ అంటుంటారు. మిషన్ల గురించి మీకు నేను చెప్పేదేమీ లేదు. నేను పని నేర్చుకున్న మిషను ఎప్పుడో పాత ఇనుములో కలిసిపోయింది. నా పొరపాటు గురించైతే చెప్పగలను. దాన్ని నేను ఒక్కసారి కాదు, వందలసార్లు చేశాను. చేసిన ప్రతిసారీ మంచిపని చేశానని మురిసిపోయాను కూడా.

రేడియేషన్‌ను మా నెల్లూరు వైపు ఎవరూ ఆ పేరుతో పిలవరు. కరెంటు పెట్టించుకోవడం అంటారు. ఆ మాట వినడంతోనే సగం ప్రాణం పోతుంది. మొదటిరోజు వచ్చినవాళ్ళు గదిలోకి అడుగుపెట్టి వైర్లు ఎక్కడున్నాయా అని గోడల వెంట వెతికేవాళ్ళు. నిజానికి అక్కడ జరిగేది చాలా కొంచెం. టేబుల్ మీద పడుకోబెడతాం, లైటు వేసి గుర్తులు కుదురుస్తాం, బయటికి వచ్చి తలుపు మూసుకుంటాం. రెండు నిమిషాల్లో అయిపోతుంది. నొప్పి ఉండదు, వేడి తగలదు. ఎక్స్‌రే తీసినట్టే ఉంటుంది. అందుకని నేను వాళ్ళకు ఫొటో తీస్తున్నామని చెప్పేదాన్ని. ఫొటో అంటే ఎవరూ భయపడరు. కొంతమంది కొంగు కూడా సర్దుకునేవాళ్ళు. అందులో పెద్ద అబద్ధం ఏముందిలే అని నా లెక్క.

అప్పట్లో మా యూనిట్ చాలా చిన్నది. ఒక మిషను, ఒక పెద్ద డాక్టరు, ఇద్దరం టెక్నీషియన్లం, బయట రెండు చెక్క బెంచీలు. ఆ బెంచీల మీదికి ఒకరోజు గాజులమ్మ వచ్చింది. పేరు అది కాదు. అల్లూరు వైపు తరతరాలుగా గాజులు అమ్మే ముస్లిం కుటుంబం వాళ్ళది. ఆమె, ఆమె భర్త గాజుల మలారాలు భుజాన వేసుకుని ఊరూరా తిరిగేవాళ్ళు. నాకంటే పదేళ్ళు పెద్ద. కుడి రొమ్ముకు క్యాన్సర్ వచ్చి ఆపరేషన్ చేసి తీసేశారు. జబ్బు మళ్ళీ రాకుండా ఆ చోట ఇరవై ఐదు రోజులు కరెంటు పెట్టాలని మా పెద్ద డాక్టరు గారు రాశారు.

ఆమె మిషను తలకాయ చూసింది. టేబుల్ దిగింది. బురఖా అందుకుంది. కారణం కూడా గట్టిదే. ఆమె బావగారికి నోటి క్యాన్సరుకు ఎక్కడో కరెంటు పెడితే మెడ మీద చర్మం ఊడి, మింగుడు పడక పోయాడట. ఆపరేషనుకు వస్తాను గానీ కరెంటుకు మాత్రం చచ్చినా రానని ఇంట్లో ముందే చెప్పిందట. ఆమె భర్త కాగితాల మీద సంతకం పెట్టి, తలుపు దగ్గర నిలబడి నా వైపు బిక్కమొహంతో చూస్తున్నాడు. నాకు ఒళ్ళంతా ఉత్సాహం వచ్చింది. ఇలాంటి వాళ్ళను టేబుల్ ఎక్కించడంలో నన్ను మించినవాళ్ళు లేరని మా యూనిట్లో పేరు.

ఇది కరెంటని నీకెవరు చెప్పారమ్మా, లోపలి పుండు ఎలా ఆరుతుందో చూడటానికి రోజుకొక ఫొటో తీస్తాం, అంతే అన్నాను. ఇరవై ఐదు ఫొటోలు ఎందుకని అడిగింది. మా పెద్ద డాక్టరు గారికి అనుమానం ఎక్కువ అన్నాను. ఆమె నవ్వింది. నవ్వి, బురఖా నా చేతికిచ్చి టేబుల్ ఎక్కింది. తలుపు దగ్గర ఆమె భర్త నాకు రెండు చేతులూ జోడించాడు. ఆరోజు ఇంటికి వెళ్ళి అన్నం రెండు ముద్దలు ఎక్కువే తిన్నట్టు గుర్తు.

ప్రతిరోజూ ఒకే చోట పడాలి కదా, అందుకని ఒంటి మీద గుర్తులు పెడతాం. సూదితో సిరా పొడిచి ఆవగింజంత చుక్కలు మూడు పెట్టాను. ఇవెందుకంటే ఫొటో వంకర పోకుండా అన్నాను. ఒక అబద్ధం చెప్పాక తర్వాతివి వాటంతట అవే వచ్చేవి.

ఆ ఇరవై ఐదు రోజులు మా యూనిట్ సంతలా కళకళలాడింది. గాజులమ్మకు ఒక విద్య ఉంది. ఎవరి చెయ్యైనా పట్టుకుని, బొటనవేలి కింద కణుపు ఒకసారి నొక్కి, రెండూ నాలుగు అనో రెండూ ఆరు అనో సైజు చెప్పేసేది. తప్పేది కాదు. బెంచీ మీద కూర్చున్న ఆడవాళ్ళందరి చేతులూ నొక్కేసింది. ఏ ఊరు, ఏ వీధి, ఏ సైజు, ఏ రంగు ఇష్టం, అన్నీ ఆమెకు నోటికి వచ్చు. కొత్తగా వచ్చి వణుకుతున్న వాళ్ళను చూస్తే, నేను పలకరించే లోపే తనే అందుకునేది. ఏం లేదు, ఫొటోలేనని వాళ్ళకు ధైర్యం చెప్పి పంపేది. నా పని సగం తగ్గిపోయింది. చివరిరోజు నాకు డజను ఆకుపచ్చ గాజులు తొడిగి, దిష్టి తీసినట్టు నా బుగ్గలు పుణికి వెళ్ళింది.

తర్వాత చాలా ఏళ్ళు గడిచాయి. ఆ యూనిట్ మూతపడింది. రిజిస్టర్లు, ఫైళ్ళు కింది గదిలో పడేస్తే ఒక వానాకాలం నీళ్ళు చేరి ముద్దయిపోయాయి. పెద్ద డాక్టరు గారు కాలం చేశారు. నేను నెల్లూరులోనే ఇంకో పెద్ద హాస్పిటల్లో చేరాను. కొత్త మిషన్లు, కొత్త పిల్లలు, చల్లటి బేస్‌మెంటు. అక్కడా ఫొటో అనే చెప్పేదాన్ని.

ఇంకో మూడు వారాల్లో రిటైరవుతాననగా ఒక మధ్యాహ్నం శ్రీహరికోట నుంచి రాకెట్ పంపుతున్నారు. నెల్లూరు వాళ్ళకు ఎన్నిసార్లు చూసినా ఆ పిచ్చి తీరదు. డ్యూటీలో ఉన్నవాళ్ళు తప్ప హాస్పిటలంతా డాబా ఎక్కేసింది. మా స్కాన్ డాక్టరు గారు యాభై దాటిన మనిషి, రాకెట్ అంటే మాత్రం పసిపిల్లాడు. నా గదిలో ఫోన్ మోగితే చూడండక్కా అని చెప్పి పరుగెత్తాడు. నాకు మోకాళ్ళ నొప్పులు, డాబా మెట్లెక్కే ఓపిక లేదు. ఆయన కుర్చీలో కూర్చున్నాను. ఎదురుగా తెర మీద ఎవరిదో ఛాతీ స్కాన్ తెరిచి ఉంది.

కుడి ఊపిరితిత్తి, ముందు భాగం. నల్లగా ఉండాల్సిన చోట తెల్లగా మూసుకుపోయి ఉంది. అలాంటివి చాలా చూశాను. కానీ ఆ తెలుపు లోపలికి వెళ్ళి ఒకచోట ఆగిపోయింది. సూటిగా, స్కేలు పెట్టి గీసినట్టు. ఆ గీతకు అవతల ఊపిరితిత్తి శుభ్రంగా ఉంది. నేను ముందుకు వంగి కళ్ళద్దాలు సర్దుకున్నాను. న్యుమోనియా అయినా, టీబీ అయినా, క్యాన్సరైనా స్కేలు పట్టుకుని పెరగవు. మనిషి ఒంట్లో సూటి గీతలు గీసేది లోకంలో మా రేడియేషన్ వాళ్ళం ఒక్కళ్ళమే.

పక్కన సగం టైపు చేసిన రిపోర్టు ఉంది. రొమ్ము క్యాన్సరు తిరగబెట్టి కీమో తీసుకుంటున్న మనిషి, జబ్బు ఊపిరితిత్తికి పాకి ఉండవచ్చు అని. పైన పాత చికిత్సల వివరాల్లో, రేడియేషన్ లేదు అని స్పష్టంగా ఉంది. పేరు చదివితే నాకెవరూ గుర్తు రాలేదు. పైన డాబా మీద చప్పట్లు వినపడ్డాయి. రాకెట్ వెళ్ళిపోయినట్టుంది. నేను మంచం నంబరు చూసుకుని రెండో అంతస్తుకు లిఫ్టులో వెళ్ళాను.

వార్డులో కిటికీ పక్క మంచం మీద ఒక పెద్దావిడ ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో ఎత్తుగా దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. మాటకొకసారి ఆగి ఊపిరి తీసుకుంటోంది. అలా ఆయాసపడుతూనే నర్సు చెయ్యి పట్టుకుని కణుపు నొక్కుతోంది. ఇంకా నేను పోల్చుకోనే లేదు, ఆమె నన్ను పోల్చేసింది.

"ఫొటోల అమ్మణ్ణీ," అంది. "ఎట్టుండావు."

ఆ పిలుపుతో నేనూ పోల్చుకున్నాను. గాజులమ్మ.

ఆమె కూతురు అల్లూరులో గాజుల కొట్టు చూసుకుంటోంది. ఆ పిల్ల నన్ను పక్కకు తీసుకెళ్ళి అంతా చెప్పింది. నాన్న గుండెజబ్బుతో పోయి రెండేళ్ళయింది. అమ్మకు ఎడమవైపు మెడ కింద గడ్డ వస్తే ఇక్కడికి తీసుకొచ్చారు. కీమో రెండు డోసులు అయ్యాయి. రెండో డోసు తర్వాత పొడిదగ్గు, జ్వరం, ఆ తర్వాత బాత్రూము దాకా నడిచినా ఆయాసం. యాంటీబయాటిక్‌లు రెండు రకాలు వాడారు, కఫం పరీక్షలో టీబీ లేదన్నారు. జబ్బు ఊపిరితిత్తికి పాకినట్టుందని కీమో చూసే డాక్టరమ్మ చెప్పింది. ఇంటికి తీసుకుపోవచ్చు, లేదా ఆఖరి ప్రయత్నంగా రేపు పొద్దున మూడో డోసు వేసి చూద్దామంది. అమ్మ డోసే వేయించుకుంటానంది.

మీ అమ్మకు మొదట్లో కరెంటు పెట్టారు కదా, అది డాక్టరమ్మకు చెప్పారా అని అడిగాను.

"అమ్మకి కరెంటు పెట్టలేదక్కా. ఆ డాక్టరమ్మా అడిగింది. ఫొటోలు తీసినారంతేనని అమ్మే చెప్పింది."

మంచం మీద నుంచి గాజులమ్మ ఆ మాట విని, ఆయాసంలోనూ కొంచెం గర్వంగా అందుకుంది.

"నేనే పెట్టనీలా."

నాకెందుకు భయమేసిందో చెప్పాలి. పాత యూనిట్లో ఒకతనికి వీపు మీద కరెంటు పెట్టాం. ఏడాది తర్వాత ఇంకోచోట కీమో ఎక్కించుకుని అతను మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు. వీపు మీద నలుచదరంగా ఎర్రగా పొంగి ఉంది, సరిగ్గా మేం గీసిన గీతల్లో. అప్పుడు మా పెద్ద డాక్టరు గారు చెప్పారు. ఎప్పుడో కరెంటు పడి మానిపోయిన చోట, కొన్ని కీమో మందులు ఎక్కితే వాపు మళ్ళీ లేస్తుంది. అరుదే, కానీ జరుగుతుంది. చర్మం మీదే కాదు, ఊపిరితిత్తిలోనూ రావచ్చు. ఆ మందు ఆపి స్టెరాయిడ్ ఇస్తే చాలామందికి తగ్గిపోతుంది. తెలియక అదే మందు మళ్ళీ ఎక్కిస్తే మనిషి దక్కడం కష్టం అన్నారు. అంటే గాజులమ్మకు ఊపిరితిత్తిలో పాకింది క్యాన్సరు కాకపోవచ్చు. రేపు పొద్దున ఎక్కించబోయేది మాత్రం అదే మందు.

అప్పుడు నేను వెంటనే డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తానని రాస్తే బాగుంటుంది. పరుగెత్తలేదు. క్యాంటీన్‌కు వెళ్ళాను. వరసగా రెండు టీలు తాగాను. ఇంకో మూడు వారాల్లో నాకు సన్మానం. ఒక్క పొరపాటు కూడా లేకుండా అన్న మాట అందరి నోళ్ళలో నానుతోంది. ఇప్పుడు వెళ్ళి ఏం చెప్పాలి? ఆ మనిషికి కరెంటు పెట్టింది నేనే, పెట్టలేదని నమ్మించిందీ నేనే అనా? ఎవరి పేరూ చెప్పకుండా, ఆ గీతను ఒకసారి చూడండని మాత్రం అంటే సరిపోదా? సరిపోదు. రేడియేషన్ లేదని రోగే ఒట్టేసి చెబుతుంటే గీత మాట ఎవరు వింటారు?

మా ఫిజిసిస్టు వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. రేడియేషన్ ఎంత పడాలో లెక్కలు కట్టే మనిషి, నాకంటే బాగా చిన్నవాడు. ఎక్కడో ఎవరికో ఇలా జరిగిందట అని మొదలుపెట్టి సంగతంతా అతనికి చెప్పాను. అతను ఓపిగ్గా విన్నాడు.

"ఎవురికో జరిగినట్టు చెప్తుండావక్కా," అన్నాడు. "నీ మొహం చూస్తే నీకే జరిగినట్టుండాది. టీ వదిలేసి పద."

నాలుగింటికి డాక్టరమ్మ గదిలో నిలబడ్డాను. ఆమెకు నా వయసులో సగం ఉంటుంది. చాలా చదువుకున్న మనిషి, నవ్వడం ఎప్పుడూ చూడలేదు. ఫిజిసిస్టు తలుపు దగ్గర నిలబడ్డాడు, నేను వెనక్కి తిరగకుండా చూడటానికే అనుకుంటాను. మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. ఫొటో మాట, భర్త సంతకం, ఇరవై ఐదు రోజులు, తడిసిపోయిన ఫైళ్ళు. ఆమె పెన్ను కింద పెట్టింది. నాకు తెలిసే అలా చెప్పానా అని అడిగింది. తెలిసే చెప్పానన్నాను. నన్ను తిట్టి ఉంటే బాగుండుననిపించింది. రుజువు ఏమైనా ఉందా అని మాత్రం అడిగింది.

ఉంది. ఆవగింజంత చుక్కలు మూడు.

అందరం వార్డుకు వెళ్ళి మంచం చుట్టూ తెర లాగాం. అవి పుట్టుమచ్చలనుకున్నామని జూనియర్ డాక్టరు గొణిగింది. డాక్టరమ్మ టేపు తీసి ఒక చుక్క నుంచి ఇంకో చుక్కకు పట్టుకుంది. తన ఫోన్లో స్కాన్ తెరిచి పక్కన పెట్టుకుంది. ఒంటి మీద టేపు ఎలా పోతోందో లోపల ఆ తెల్లటి అంచు అలాగే పోతోంది. గాజులమ్మ మా అందరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. ఇక చెప్పడం తప్పదు.

"అమ్మా, ఆ రోజుల్లో నేను తీసింది ఫొటోలు కాదు," అన్నాను. "కరెంటే పెట్టాను."

"ఇరవై ఐదు రోజులూనా?"

"ఇరవై ఐదు రోజులూ."

ఆమె నా మొహంలోకి చూసింది. గోడ వైపు తిరిగి పడుకుంది. కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ముప్పై రెండేళ్ళలో నా ముందు ఎందరో ఏడ్చారు. ఆరోజు బేస్‌మెంటులో బట్టలు మార్చుకునే గదికి వెళ్ళి నేను ఏడ్చాను.

మూడో డోసు ఆపేశారు. ఇన్ఫెక్షన్ ఏదీ లేదని తేల్చుకోవడానికి మర్నాడే ఊపిరితిత్తిలోకి సన్నటి గొట్టం వేసి నీళ్ళు తీసి పరీక్షకు పంపారు. స్టెరాయిడ్ మొదలుపెట్టారు. నేను పొద్దునా సాయంత్రం వార్డుకు వెళ్ళి తలుపు దగ్గర నిలబడి వచ్చేదాన్ని. గాజులమ్మ గోడ వైపే ఉండేది. మూడో రోజుకు ఆక్సిజన్ తగ్గించారు. నాలుగో రోజు నేను కారిడార్‌లో ఉండగానే లోపల నుంచి ఆమె గొంతు వినపడింది. ఇడ్లీ రాయిలా ఉందని క్యాంటీన్ వాళ్ళను ఏకిపారేస్తోంది. ఊపిరి కోసం ఎక్కడా ఆగకుండా, ఒక్క బిగిన. అంత తీపి తిట్లు నేను ఇంతవరకూ వినలేదు.

ఆరో రోజు గొట్టం లేకుండా, కూతురి భుజం పట్టుకుని కారిడార్ ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచింది. నర్సులు ఎవరి పని వాళ్ళు ఆపి చూస్తున్నారు. డాక్టరమ్మ నవ్వింది. ఆ నవ్వు చూసినవాళ్ళం మేం నలుగురమే, ఇప్పటికీ చెప్పుకుంటాం. స్కాన్ డాక్టరు గారు రిపోర్టు మార్చి రాసి, రాకెట్ వల్ల ఆ గీత కనిపెట్టే అవకాశం తన చెయ్యి జారిపోయిందని వారం రోజులు వాపోయాడు. మెడ గడ్డకు కీమో బదులు మాత్రలు మొదలుపెట్టారు. ఆ మాత్రలకు గడ్డ కరగడం కూడా మొదలైంది.

ఆ సాయంత్రం గాజులమ్మ నన్ను పిలిపించింది. కూర్చోమంది. ఆమె మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తాను.

"చెప్పుంటే నేను పారిపోయుండేదాన్ని, అది నిజమే. అప్పుడే పోయుండేదాన్నేమో, అదీ నిజమే. మా ఆయనా కలిసినాడు గదా నీతో, ఆయన్ని ఇప్పుడేం అడగతాం. కానీ అమ్మణ్ణీ, బెంచీ మీదుండే ఆడోళ్ళకంతా నేను చెప్పినానే ఫొటోలని. వాళ్ళు నా మాట నమ్మినారు. వాళ్ళ గతేంది?"

నేను నా పరువు గురించి ఏడ్చాను. ఆమె గోడ వైపు తిరిగి అన్ని రోజులూ లెక్క వేసుకున్నది ఆ బెంచీ మీది ఆడవాళ్ళను.

రిజిస్టర్లు పోయాయమ్మా, ఎవరెవరో నాకు గుర్తులేదు అన్నాను. ఆమెకు గుర్తుంది. కాగితం తీసుకోమంది. కోవూరులో రెండూ నాలుగు, ఎర్రగాజులు తప్ప వేయదు, ఎడమ రొమ్ము. ఇందుకూరుపేటలో రెండూ ఆరు, గొంతులో గడ్డ, మొగుడు లారీ తోలతాడు. మైపాడులో చేపలమ్మే ఆమె, రెండూ ఎనిమిది, చేతులు గట్టివి, గాజు ఎక్కడం కష్టం, కుడి రొమ్ము. నీళ్ళలో ముద్దయిపోయిన రిజిస్టరు ఆమె నోట్లో నుంచి పొడిగా బయటికి వచ్చింది. మొత్తం పదకొండు మంది. నా మిగిలిన రెండు వారాల ఉద్యోగంలో నేను చేసిన అసలు పని ఆ కాగితం రాసుకోవడమే.

బెంచీ వాళ్ళే కాకుండా నేను బొంకినవాళ్ళు ఇంకా ఎందరో. వాళ్ళ కోసం డాక్టరమ్మ మా హాస్పిటల్లో అడిగే ప్రశ్నే మార్చేసింది. కరెంటు పెట్టారా అని ఊరుకోవడం లేదు. రోజూ గదిలో ఒక్కళ్ళనే పడుకోబెట్టి, అందరూ బయటికి పోయి తలుపేసుకున్నారా అని అడగమంది. పిల్లలూ, మీరూ అలాగే అడగండి. అంతకంటే ముందు, టేబుల్ ఎక్కేవాళ్ళకు అది ఏమిటో చెప్పండి. పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, పట్టనివ్వండి.

రిటైరైన మర్నెల నుంచి నేనూ గాజులమ్మా తిరగడం మొదలుపెట్టాం. ఆమె చేతిలో మలారం, నా చేతిలో డాక్టరమ్మ సంతకం పెట్టిన కార్డులు. ఫలానా వైపు రేడియేషన్ ఇవ్వబడింది, ఏ మందు వాడే ముందైనా డాక్టరుకు ఈ కార్డు చూపించాలి అని రాసినవి. ఇద్దరు పోయారని తెలిసింది, జబ్బుతో కాదు, వయసుతో. మిగతావాళ్ళు తలుపు తీసి గాజులమ్మను చూసి సంబరపడేవాళ్ళు. నేను నిలబడి నా అబద్ధం ఒప్పుకునేదాన్ని. ఒకామె బాగా కోప్పడింది. ఒకామె మజ్జిగ ఇచ్చింది. చెప్పిన ప్రతిసారీ ఒళ్ళు కొంచెం తేలికయ్యేది.

జాబితాలో ఆఖరామె మైపాడు చేపలమ్మే ఆమె. బస్సు దిగి వెళ్ళేసరికి రేవు దగ్గర వలల పక్కన కూర్చుని చేపలు వేరు చేస్తోంది. గాజులమ్మను చూసి తడి చేతులు చీరకు తుడుచుకుని లేచింది. నేను అప్పటికి ఎనిమిది ఇళ్ళలో చెప్పి బాగా అలవాటైన మాటలు మళ్ళీ మొదలుపెట్టాను. అమ్మా, అప్పుడు మేం మీకు తీసింది ఫొటోలు కాదు అన్నాను. ఆమె నా మాట పూర్తికానివ్వలేదు.

"తెలుసులే," అంది. "మా ఆయన ఆరోజే చెప్పినాడు కరెంటని. నాకేం భయం? నువ్వే మా మొహాలు చూడలేక ఫొటో ఫొటో అంటా ఉండావు. పాపం ఈ పిల్లకి చెప్పాలంటే భయమేమో, మనమెందుకు కాదనాలని ఊరుకున్నా."

కార్డు నా చేతిలోనే ఉండిపోయింది. వాళ్ళ భయం తీర్చానని ఇన్నేళ్ళు అనుకున్నాను. ఈ మనిషి రోజూ టేబుల్ ఎక్కి, కళ్ళు మూసుకుని, నా భయం తీర్చి వెళ్ళింది.

గాజులమ్మ ముందు నా మొహం చూసింది, తర్వాత ఆమె మొహం చూసింది. ఇసుకలో అలాగే చతికిలబడి నవ్వడం మొదలుపెట్టింది. చేపలమ్మే ఆమెకూ నవ్వు వచ్చింది, నాకూ వచ్చింది. మేమిద్దరం ఆపేశాక కూడా గాజులమ్మ కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వుతూనే ఉంది. అంతసేపూ ఆమెకు ఒక్క దగ్గు కూడా రాలేదు.